ఊరి నుంచి వచ్చిన హైస్కూలు పిల్లలకు బెంగళూరులో వేసవి ఇంగ్లీష్ చదువు: ఏ దారి ఎవరికి?

కదిరి, మదనపల్లె, కుప్పం, మహబూబ్‌నగర్ వైపు నుంచి పని కోసం బెంగళూరు వచ్చే కుటుంబాలు చాలావరకు పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఆగి, ఏప్రిల్ చివరలో సామాన్లు సర్దుకొని బయలుదేరతాయి. ఊళ్లో ఎనిమిదో తరగతి వరకు పాఠాలు తెలుగులో విని, తెలుగులో రాసిన పిల్ల ఇక్కడ ఇంగ్లీష్ మీడియం తొమ్మిదో తరగతిలో కూర్చోవాలి. మధ్యలో ఉన్నది ఒక్క వేసవి. ఆ వేసవిని ఎక్కడ, ఎవరి దగ్గర, దేనికోసం ఖర్చు పెట్టాలన్నది తేలక సతమతమయ్యే తల్లిదండ్రుల కోసం, వాళ్ల తరఫున వెతికిపెట్టే మేనమామల కోసం, పిన్నుల కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా రోజుల లెక్క చూసుకోవాలి, ఎందుకంటే చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులకు సాధారణంగా ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు సెలవులు. ఆ అలవాటుతో జూన్ 12 వరకు సమయం ఉందని అనుకుంటాం. కర్ణాటకలో రాష్ట్ర సిలబస్ బడులు మే చివరి వారంలోనే, ఇటీవలి ఏళ్లలో మే 29 ప్రాంతంలో తెరుస్తున్నారు. అంటే చేతిలో ఉన్నది ఏడు వారాలు కాదు, ఐదు వారాలు. అందులో మే నెల పెళ్లిళ్లకూ కుప్పం గంగమ్మ జాతరకూ ఊరు వెళ్లి వారం ఉండి వస్తే, చదువులో ఐదో వంతు పోయినట్టే. జాతరకు వెళ్లవద్దని నేను అనను. వెళ్లే రోజులను ముందే తీసేసి, మిగిలిన రోజులకు సరిపోయే తరగతినే ఎంచుకోమంటాను.

ఐదు వారాల్లో ఎంత వస్తుందన్నది రెండో లెక్క. కేంబ్రిడ్జ్ ఇంగ్లీష్ పరీక్షల సంస్థ అంచనా ప్రకారం, మొదటి అక్షరం నుంచి ఎ2 అనే ప్రాథమిక స్థాయికి చేరడానికే సుమారు 180 నుంచి 200 గంటల బోధన కావాలి. వారానికి ఐదు రోజులు, రోజుకు రెండు గంటల చొప్పున ఐదు వారాలు చదివితే అయ్యేవి 50 గంటలు. మూడు గంటల చొప్పున చదివినా 75 దాటవు. కాబట్టి "ముప్పై రోజుల్లో గలగలా ఇంగ్లీష్" అని బోర్డు ఎవరు పెట్టినా, ఆ మాటను పక్కన పెట్టి, ఈ 50 గంటలను ఏ పనికి వాడితే జూన్‌లో పిల్లకు ఎక్కువ ఆసరా అవుతుందో ఆలోచించాలి.

నా జవాబు ముందే చెబుతాను. ఆ గంటల్లో పెద్ద భాగం పాఠ్యపుస్తకం చదవడానికి, చదివింది అర్థం చేసుకోవడానికి, రెండు మూడు వాక్యాల జవాబు సొంతంగా రాయడానికి వెళ్లాలి. మాట్లాడే ఇంగ్లీష్ బడి మొదలయ్యాక తోటిపిల్లల మధ్య వస్తుంది. పుస్తకం ఇంగ్లీష్ అలా రాదు. కెనడాలోని టొరంటోకు వలస వచ్చిన పిల్లల చదువును పరిశీలించిన జిమ్ కమిన్స్ అనే భాషావేత్త 1979లోనే ఈ రెండింటినీ విడదీసి చూపాడు. రోజువారీ సంభాషణ రెండేళ్లలో పట్టుబడవచ్చు కానీ, తరగతి పాఠానికి కావలసిన భాషలో తోటివారిని అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన తేల్చాడు. తొమ్మిదో తరగతిలో చేరే పిల్లకు పదో తరగతి పరీక్షల వరకు ఉన్నది రెండేళ్లలోపే. అందుకే ఆలస్యంగా వచ్చేదాన్ని ముందుగా మొదలుపెట్టాలి.

ఈ సంగతి నాకు చదివి తెలియలేదు, మా అక్క కూతురు వల్ల తెలిసింది. ఎనిమిదో తరగతి ముగించుకొని వచ్చిన ఆ పిల్లను మేము పెద్ద బోర్డు చూసి, ఫీజు కూడా తక్కువేమీ కాకపోయినా, 45 రోజుల స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్‌లో చేర్చాం. నెల తిరిగేసరికి తన పేరు, ఊరు, అభిరుచులు, జీవిత లక్ష్యం అన్నీ తడుముకోకుండా ఇంగ్లీష్‌లో చెప్పేది. ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. జూలైలో భౌతికశాస్త్రం పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "పిన్నీ, మాటలన్నీ చదవగలుగుతున్నాను, కానీ ఏం చెబుతున్నాడో తెలియడం లేదు" అంది. ఆమె వేలు పెట్టిన వాక్యం ఇది: ద రేట్ ఎట్ విచ్ వెలాసిటీ ఛేంజెస్ ఈజ్ కాల్డ్ యాక్సిలరేషన్.

త్వరణం అంటే ఆ పిల్లకు తెలుసు. వేగంలో మార్పు రేటును త్వరణం అంటారని తెలుగులో అడిగితే వెంటనే చెప్పేది. రాని మాట ఒక్క యాక్సిలరేషన్, అది నిమిషంలో తీరే సమస్య. అసలు చిక్కు "ఎట్ విచ్" దగ్గర ఉంది. తెలుగులో "వేగం మారే రేటు" అని వర్ణన ముందు వచ్చి, నామవాచకం చివర కూర్చుంటుంది. ఇంగ్లీష్‌లో రేటు ముందు వచ్చి, అది ఏ రేటో చెప్పే ముక్క వెనకాల వస్తుంది. మొదట "ఈజ్ కాల్డ్" దగ్గర గీత గీయించి, దాన్ని "అంటారు" అని చదివించాను. దేన్ని అంటారు? రేట్‌ను. ఏ రేటును? వెలాసిటీ మారే రేటును. ఇలా వెనక్కి నడిపించాక వాక్యం విడిపోయింది. అలాంటి వాక్యాలు ఇరవై విప్పాక ఇరవై ఒకటోది తనే విప్పుకుంది. 45 రోజుల కోర్సులో ఒక్కరోజైనా ఈ పని జరగలేదు, ఎందుకంటే అక్కడ పుస్తకమే తెరవలేదు.

కాబట్టి ఏ తరగతినైనా తూచడానికి నేను చూసేవి ఇవి. పిల్ల ఇప్పుడు ఎక్కడ ఉందో తెలుసుకున్నాకే బోధన మొదలుపెడతారా? పాఠ్యపుస్తకాల పేజీలు తరగతిలోకి వస్తాయా? నేర్పే వ్యక్తికి తెలుగు వచ్చా, కనీసం తెలుగు వచ్చిన సహాయకులు ఉన్నారా? గంటలో పిల్ల స్వయంగా చదివేది, రాసేది ఎన్ని నిమిషాలు? ఇంటి నుంచి ఎంత దూరం? ఫీజును నేను చివరన పెడతాను. డబ్బు చిన్న విషయమని కాదు, ఇక్కడ ఎక్కువ ఫీజుకు ఎక్కువ చదువు వస్తుందన్న హామీ లేదు గనుక.

మొదటి ప్రశ్నకు జవాబు ఇంట్లోనే పావుగంటలో తెలుసుకోవచ్చు. ఐదో తరగతి ఇంగ్లీష్ వాచకంలో వంద మాటల పేరా ఒకటి పైకి చదివించండి. పది మాటల కంటే ఎక్కువ చోట్ల తడబడితే ఆ పుస్తకం ప్రస్తుతానికి బరువని లెక్క. అలాంటప్పుడు మూడో తరగతి పుస్తకానికి దిగండి. తడబడకుండా చదివితే, చదివింది తెలుగులో చెప్పమనండి. అదీ చెబితే, దాని మీద ఒక ప్రశ్న అడిగి ఇంగ్లీష్‌లో రెండు వాక్యాలు రాయమనండి. పిల్ల ఆగిపోయే చోటు అక్షరమా, అర్థమా, రాతా అన్నది తేలిపోతుంది. ఈ మూడు రకాల పిల్లలకూ ఒకే తరగతి సరిపోదు. ఈ పరీక్షను పిల్ల తండ్రి చేయకపోతే మంచిది. ఇంట్లో భయం ఉన్నచోట పిల్ల నిజమైన స్థాయి బయటపడదు.

ఇక దారులు. స్వచ్ఛంద సంస్థల బ్రిడ్జి తరగతులు వలస కుటుంబాలు ఎక్కువగా ఉండే పేటల్లో, కూలీల షెడ్ల దగ్గర, సముదాయ భవనాల్లో నడుస్తుంటాయి. ఫీజు ఉండదు, ఇంటికి దగ్గర, పిల్లల పరిస్థితి తెలిసినవాళ్లు నేర్పుతారు. పిల్లను పరీక్షించి, స్థాయిని బట్టి కూర్చోబెట్టే అలవాటు వీళ్లలోనే ఎక్కువ. ఊళ్లలో పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో వాడే పద్ధతిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, సులువైన మాటలు, చిన్న వాక్యాలు అంటూ మెట్లు మెట్లుగా చూస్తారు. అయితే ఇలాంటి కార్యక్రమాలు చాలావరకు ప్రాథమిక తరగతుల పిల్లలను దృష్టిలో పెట్టుకొని పుట్టినవి. పద్నాలుగేళ్ల పిల్ల ఎనిమిదేళ్లవాళ్ల పక్కన కూర్చొని పిల్లి, ఎలుక కథ చదవాల్సి వస్తే మూడో రోజు నుంచి మానేస్తుంది, కారణం కూడా చెప్పదు. చేర్చే ముందు "హైస్కూలు పిల్లలకు వేరే బృందం ఉందా" అని తప్పక అడగండి. బోధించే వాలంటీర్లు వారానికొకరు మారతారా, ఐదు వారాలూ ఒకరే ఉంటారా అన్నదీ కనుక్కోండి. ఒకరే ఉంటే, తెలుగు కూడా వస్తే, బేరీజులన్నీ పక్కన పెట్టి చేర్చేయవచ్చు.

స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ల గురించి పైన నా అనుభవం చెప్పాను కనుక వాటిని పూర్తిగా కొట్టిపారేస్తున్నానని అనుకోవద్దు. నోరు విప్పడానికే భయపడే పిల్లలు ఉంటారు. తరగతిలో టీచరు పేరు పిలిస్తే లేచి నిలబడి తల దించుకుంటారు. అలాంటి పిల్లకు నెలరోజులు నలుగురి ముందు నిలబడి మాట్లాడే అలవాటు చేయించడం చిన్న మేలు కాదు. కానీ ఈ బ్యాచ్‌లలో ఎక్కువమంది ఉద్యోగం వెతుక్కునే పెద్దవాళ్లు. ఇంటర్వ్యూ, ఫోన్ సంభాషణ, పరిచయ వాక్యాలు, ఇవే పాఠాలు. డెమో క్లాస్‌కు పిల్లను ఒక్కదాన్నే పంపకుండా మీరూ వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. గడియారం చూసి, ఆ గంటలో మీ పిల్ల ఎన్ని నిమిషాలు మాట్లాడిందో లెక్కపెట్టండి. నలభైమంది బ్యాచ్‌లో గంటను సమానంగా పంచినా ఒక్కరికి నిమిషంన్నరే వస్తుంది. మరో సంగతి, బోర్డు మీద టెన్స్‌ల పట్టిక రాసి కాపీ చేయించడాన్ని చాలామంది తల్లిదండ్రులు గట్టి చదువు అనుకుంటారు. నోట్సు నిండుతుంది, కానీ ఆ పట్టికతో పిల్ల పాఠం చదవలేదు.

చేరబోయే బడిలోనే నడిపే తరగతులు ఉంటే మొదట వాటినే చూడాలి. కొన్ని ప్రైవేటు బడులు కొత్తగా చేరినవారికి మేలో రెండు మూడు వారాలు పాఠాలు చెబుతాయి. జూన్‌లో ఎదురయ్యే టీచర్లు, పుస్తకాలు, స్నేహితులు ముందే పరిచయం కావడం వల్ల పిల్లకు సగం బెదురు తీరుతుంది. కానీ దీన్ని కర్ణాటక బడుల్లో ఏడాది మొదట్లో జరిగే సేతుబంధతో కలిపి చూడకూడదు. సేతుబంధ కిందటి తరగతి పాఠాల్లో మిగిలిన లోటును పూడ్చడానికి పెట్టిన కార్యక్రమం. ఆ పాఠాలను అదే మాధ్యమంలో చదివిన పిల్లలకు అది సరిపోతుంది. మన పిల్లకు లెక్క వచ్చు, లెక్కను అడిగిన భాష రాదు. "సేతుబంధలో చూసుకుంటాం లెండి" అని బడివాళ్లు అన్నా, వేసవిని ఖాళీగా వదలవద్దు.

ట్యూషన్ విషయంలో పేరున్న మాస్టారి కోసం వెతకడం కంటే, అదే వీధిలో ఉండే తెలుగు వచ్చిన డిగ్రీ విద్యార్థిని పట్టుకోవడం మేలని నా అభిప్రాయం. తానూ తెలుగు మీడియం నుంచి వచ్చి ఇక్కడ ఇంగ్లీష్‌లో చదువుతున్నవారైతే ఇంకా మంచిది. "నేనూ ఇక్కడే ఆగిపోయాను" అన్న మాట వాళ్ల నోట విన్నప్పుడు పిల్ల ముఖం మారడం నేను చూశాను. ముగ్గురు నలుగురు పిల్లల తల్లులు కలిసి పెట్టుకుంటే ఖర్చూ పంచుకోవచ్చు, తోడూ ఉంటుంది. లోటల్లా క్రమశిక్షణే. ఆ విద్యార్థికి పరీక్షలు వస్తే వారం పాటు ట్యూషన్ ఆగిపోతుంది. ఏ రోజు ఏ పేజీ అన్నది మొదటి రోజే కాగితం మీద రాసి గోడకు అంటించుకుంటే ఈ లోటు కొంత తగ్గుతుంది.

ఇంట్లోనే చదువుకోవడం చాలామంది ఆఖరి మాటగా చూసే దారి. చేతిలో సరైన పుస్తకాలు ఉంటే అది అంత బలహీనమైనది కాదు. ఆంధ్రప్రదేశ్ 2020 నుంచి, తెలంగాణ 2022 నుంచి ప్రభుత్వ బడులకు దశలవారీగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు తెచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లీష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఊళ్లో మన పిల్లలు కుడిపక్కో ఎడమపక్కో ఉన్న తెలుగు పేజీ మాత్రమే చదివి, రెండోదాన్ని ముట్టుకోకుండా వచ్చేశారు. ఆ పాత పుస్తకాలను ఊళ్లో తూకానికి వేసి రాకండి, బియ్యం మూట పక్కన పెట్టి తెచ్చుకోండి. కిరణజన్య సంయోగక్రియ తెలిసిన పిల్ల ఎదురు పేజీలో ఫోటోసింథసిస్ పాఠం చదివేటప్పుడు కొత్తగా నేర్చుకోవలసింది విషయం కాదు, మాటలు మాత్రమే. క.సా.గు. ఎల్‌సీఎం అవుతుంది, గ.సా.భా. హెచ్‌సీఎఫ్ అవుతుంది, లంబకోణ త్రిభుజం రైట్ యాంగిల్డ్ ట్రయాంగిల్ అవుతుంది. రోజుకు రెండు పేజీలు, పది మాటలు, మూడు సొంత వాక్యాలు. ఇంతకంటే ఎక్కువ పెడితే మొదటి వారంలోనే వదిలేస్తారు.

కథలు చదవడానికి బెంగళూరులోనే పుట్టిన ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ ఉంది. ఉచితం, తెలుగు, ఇంగ్లీష్, కన్నడ కథలు మెట్ల వారీగా దొరుకుతాయి, కొన్నింటిని వింటూ చదవవచ్చు. హైస్కూలు పిల్లలకు మూడు, నాలుగు స్థాయిల కథలు, సైన్సు కథలు ఎంచండి, చిన్నపిల్లల బొమ్మల కథలు ఇస్తే చిన్నబుచ్చుకుంటారు. బ్రిటిష్ కౌన్సిల్ వారి లెర్న్ ఇంగ్లీష్ టీన్స్ వెబ్‌సైట్ కూడా ఈ వయసువాళ్ల కోసమే చేసినది. కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవాళ్లకు పర్పుల్ లైన్ మెట్రోలో నేరుగా కబ్బన్ పార్క్ వస్తుంది. అక్కడి ఎర్రటి శేషాద్రి అయ్యర్ స్మారక భవనంలో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. వారానికొకసారి పిల్లను తీసుకెళ్లి, ఆ చెట్ల మధ్య ఒక పూట గడిపి రండి. ఇంట్లో చదువుకు ఉన్న పెద్ద లోటు, తప్పు చదివినప్పుడు ఆపి సరిదిద్దే మనిషి లేకపోవడం. ఫోన్ ఒక్కటే గురువైతే చదువు ఎక్కడ ఆగి రీల్స్ ఎక్కడ మొదలయ్యాయో ఎవరికీ తెలియదు.

నాట్యం, ఈత, బొమ్మలు నేర్పే వేసవి శిబిరాలు మంచివే, కానీ ఇంగ్లీష్ చదువుకు వాటిని ప్రత్యామ్నాయంగా లెక్కించలేం.

| దారి | పుస్తకం చదివించడం | తెలుగులో వివరణ | ఖర్చు | ముఖ్యమైన లోటు |
|---|---|---|---|---|
| స్వచ్ఛంద సంస్థ బ్రిడ్జి తరగతి | కొంతవరకు, స్థాయిని బట్టి | టీచరును బట్టి | లేదు | చిన్నపిల్లలతో కలిపి కూర్చోబెట్టడం |
| స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ | దాదాపు లేదు | కొన్నిచోట్ల | ఎక్కువ | బ్యాచ్ పెద్దది, పాఠాలు పెద్దవాళ్లవి |
| చేరబోయే బడి తరగతి | ఎక్కువ | అరుదు | బడిని బట్టి | రెండు మూడు వారాలే |
| వీధి ట్యూషన్ | మనం అడిగినంత | ఉంటుంది | పంచుకుంటే తక్కువ | మధ్యలో ఆగిపోవడం |
| ఇంట్లో ద్విభాషా పుస్తకాలు | ఎక్కువ | ఎదురు పేజీలోనే ఉంది | దాదాపు లేదు | సరిదిద్దే మనిషి ఉండరు |

పట్టికలో పట్టనిది దూరం. బెంగళూరులో మ్యాపు చూపే నాలుగు కిలోమీటర్లు సాయంత్రం మారతహళ్లి వైపు గంట ప్రయాణం కావచ్చు. ఆడపిల్లలున్నవారు మరొకటి గమనించాలి. 2023 జూన్ నుంచి కర్ణాటకలో ఉన్న శక్తి పథకం కింద మహిళలకు సాధారణ బస్సుల్లో ప్రయాణం ఉచితం, కానీ అది కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపినవారికే. నిన్నమొన్న వచ్చిన కుటుంబం ఆధార్ మీద ఇంకా ఊరి చిరునామాయే ఉంటుంది. రోజూ రెండు బస్సులు మారాల్సిన తరగతి ఉచితమైనా, టిక్కెట్లకే డబ్బు కరిగిపోతుంది. తల్లి ఉదయం ఆరింటికే ఇళ్లలో పనికి వెళితే, తమ్ముణ్ణి చూసుకోవలసింది ఈ పిల్లే. అలాంటి ఇంట్లో పదింటి తరగతి ఎంత మంచిదైనా నడవదు. తమ్ముణ్ణి కూడా రానిచ్చే పేట తరగతినో, సాయంత్రం ట్యూషన్‌నో ఎంచుకోవాలి.

ఇప్పుడు పిల్లలను బట్టి. పావుగంట పరీక్షలో అక్షరాల దగ్గరే ఆగిన పిల్లకు స్వచ్ఛంద సంస్థ తరగతిని మించినది లేదు, వయసుకు తగిన బృందం ఉన్నంతవరకు. తెలుగు చక్కగా చదివే పిల్ల అయితే నిరాశపడనక్కరలేదు. చదవడమనే విద్య ఆమెకు ఇప్పటికే వచ్చు, మార్చుకోవలసింది లిపి, ఉచ్చారణ. మన లిపిలో రాసినట్టే పలుకుతాం. ఇంగ్లీష్‌లో అలా జరగదన్న సంగతిని మొదటి రోజే చెప్పి, మాటలను కుటుంబాలుగా, లైట్, నైట్, రైట్, ఫైట్ అన్నట్టు కలిపి నేర్పించేవాళ్లు దొరికితే ఐదు వారాల్లో కనిపించే మార్పు వస్తుంది.

చదవగలిగి, అర్థం దగ్గర ఆగిన పిల్లలే అందరికంటే ఎక్కువ, మా అక్క కూతురు లాంటివాళ్లు. వీళ్లకు నా ఓటు వీధి ట్యూషన్, ద్విభాషా పుస్తకం కలిపిన దారికి. బడి తరగతులు ఉంటే ఉదయం అక్కడికి, సాయంత్రం ఇక్కడికి. స్పోకెన్ సెంటర్ డబ్బును ఈ ట్యూషన్‌కు మళ్లించండి.

అర్థమై, రాతలో ఆగిన పిల్లకు కావలసింది రోజూ దిద్దే ఎర్ర కలం. ప్రశ్నల్లో వచ్చే డిఫైన్, స్టేట్, డిస్టింగ్విష్, జస్టిఫై లాంటి క్రియలు ఒక్కొక్కటీ ఏం అడుగుతున్నాయో తెలియకపోవడం వల్లనే వీళ్లు తెలిసిన జవాబుకు కూడా మార్కులు పోగొట్టుకుంటారు. చేరబోయే బడి టీచరు ఒప్పుకుంటే వారానికి రెండుసార్లు నోట్సు చూపించి రావడం కూడా చాలు. ఇక బెదురే అసలు జబ్బు అయిన పిల్లకు మాత్రమే స్పోకెన్ సెంటర్, అదీ పదిహేనుమందికి మించని బ్యాచ్ అయితేనే, పుస్తకం చదువుకు తోడుగా.

ఇదే వేసవిలో కన్నడ కూడా మొదలుపెట్టాలా అని చాలామంది అడుగుతారు. 2015లో వచ్చిన చట్టం ప్రకారం కర్ణాటక బడుల్లో కన్నడ ప్రథమ భాషగానో ద్వితీయ భాషగానో ఉండాలి, బయటి నుంచి వచ్చిన పిల్లల విషయంలో ఏం చేస్తారన్నది హెడ్‌మాస్టరును అడ్మిషన్ రోజే అడగండి. తెలుగు లిపి వచ్చిన పిల్లకు కన్నడ అక్షరాలు దాయాదుల్లా కనిపిస్తాయి. బస్సు బోర్డులు చదివించుకుంటూ తిరిగితే చాలావరకు వాటంతట అవే వస్తాయి. ఆ 50 గంటల్లోంచి దానికి కోత పెట్టవద్దు.

ఏది ఎంచుకున్నా, రెండో వారం చివర అదే పావుగంట పరీక్ష మళ్లీ పెట్టండి. మొదటిసారి తడబడిన మాటలు ఎన్ని, ఇప్పుడు ఎన్ని అన్నది ఒక కాగితం మీద తేదీతో రాయండి. కదలిక లేకపోతే మిగిలిన మూడు వారాలకు దారి మార్చండి, కట్టిన ఫీజు పోతుందని ఆగకండి. బడి తెరిచిన రోజున పిల్లతో పాటు మీరూ బడికి వెళ్లి, ఆ కాగితాన్ని ఇంగ్లీష్ టీచరు చేతిలో పెట్టండి.